ఏడో మాట

పంతొమ్మిది వందల డెబ్బై మూడు, మాఘమాసం. చెరకు కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. శారదా నది అవతల ఒక ఖండసారి పంచదార మిల్లులో ఉదయం తొమ్మిదిన్నరకి చెరకు పిండే క్రషరు ఆగిపోయింది. తిరగడం మొదలుపెట్టి అప్పటికి గంటన్నరే అయింది.

ఆపినవాడు మదీనా సాహెబు. ఇంజను దగ్గర నిలబడి ఉన్నవాడు కేక విని, చేతిలో ఉన్న గడ్డపారతో తిరుగుతున్న బెల్టును తప్పించాడు. అప్పటికే క్రషరుకి చెరకు అందిస్తున్న తవిటమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా రోలర్ల మధ్యకి పోయింది.

రోలర్లను వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశారు. చెరకు దింపుతున్న ట్రాక్టరు మీదే ఆమెను పట్నం ఆస్పత్రికి పంపించారు. ట్రాక్టరు గేటు దాటాక కూడా యార్డులో ఎవరూ కదల్లేదు. ఒక్క సూరిదేముడు మాత్రం విసవిసా నడుచుకుంటూ తన ఉస్తాదు మదీనా సాహెబు దగ్గరికి వచ్చాడు.

"పన్నెండు రోజులు ఉస్తాదూ! పన్నెండు రోజులు నేర్పాను. పొద్దున్నోసారి, సాయంత్రం ఓసారి. అందరి చేతా గొంతెత్తి చెప్పించాను. నేను నేర్పాను, ఆవిడ నేర్చుకోలేదు. ఇందులో నా తప్పేటి?"

ఉస్తాదు నీళ్ల డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నాకు కోపం వస్తే అర్థం ఉంది. ఆవిడ మీద నాకొస్తోంది కోపం. అంత చెప్పాక కూడా బొమ్మలా నిలబడిపోయింది. ఆపు కర్ర పక్కనే ఉంది కదా! లాగితే అయిపోను కదా!"

ఉస్తాదు ఇంకో చెంబు నీళ్లు పోసుకున్నాడు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మదీనా సాహెబు ఆ మిల్లులో ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు. అక్షరం రాదు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకీ, రెండో కొన చెవికీ ఆనించి, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు. శుక్రవారం శుక్రవారం ఊరి చివర దర్గాలో సాంబ్రాణి వేసేవాడు. కష్టం చెప్పుకుందామని అక్కడికి వచ్చినవాళ్ల చేతికి ముందు చీపురు ఇచ్చేవాడు. వాకిలి ఊడ్చేసరికి సగం మంది చెప్పుకోవాల్సింది మర్చిపోయి వెళ్లిపోయేవారు. మిల్లులో అందరూ ఆయన్ని ఉస్తాదు అనేవారు, మేనేజరు కూడా.

సూరిదేముడు పంతొమ్మిదో ఏట ఆయన దగ్గర చేరాడు. ఆరేళ్లు ఇంజను పని నేర్చుకున్నాడు. పగలు ఇంజను, రాత్రి బడిలో అక్షరాలు. మరల దగ్గర పనిచేసేవాళ్లలో సెలవు చీటీ సొంతంగా రాసుకోగలిగినవాడు అతనొక్కడే. ఆ సంగతి అతను ఎవర్నీ మర్చిపోనిచ్చేవాడు కాదు.

పదిహేను రోజుల కిందట పళ్లచక్రం బీటవారింది. రాత్రి పాళీలో పాతవాళ్లు దాంతోనే మెల్లగా నడిపేవారు, పగలు క్రషరు ఆగే ఉండేది. కొత్తది పోత పోయించడానికి ఉస్తాదు విజయనగరం వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరుతూ సూరిదేముణ్ణి పిలిచాడు.

"కొత్తగా పదకొండుమంది వస్తున్నారు. మేత పెట్టడం నేర్పు. తొందరపడకు. ముందు పాతోళ్ల పక్కన నిలబడి నాలుగు రోజులు చూడు."

క్రషరు నోటికి చెరకు అందించడాన్ని అక్కడ మేత పెట్టడం అంటారు.

సూరిదేముడు చూడలేదు. చూడ్డానికేముంది, ఆరేళ్ల నుంచీ ఆ మర పక్కనే బతుకుతున్నాడు కదా అనుకున్నాడు. మేనేజరు గదిలో బల్ల దగ్గర కూర్చుని రెండు సాయంత్రాలు రాశాడు. మామిడి చెక్క బోర్డుకి నీలం రంగు వేసి, దాని మీద తెల్లరంగుతో పది నిబంధనలు దిద్దాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మేనేజరు మెచ్చుకుని యజమానిని తీసుకొచ్చి చూపించాడు. బోర్డు పక్కన సూరిదేముణ్ణి నిలబెట్టి ఫోటో తీయించాడు. కొత్తవాళ్లకి చదువు రాదు. అందుకని వెదురు బెత్తంతో ఒక్కొక్క నిబంధనా చూపించి వల్లె వేయించాడు. వాళ్లు వాటిని పది మాటలు అనేవారు.

రోజూ పరీక్ష పెట్టేవాడు. "నాలుగో మాట ఏటి? తొమ్మిదో మాట ఏటి?" తడుముకోకుండా చెప్పినవాళ్లకి వేడి బెల్లం ముద్ద.

ఉస్తాదు తిరిగొచ్చింది నిన్న సాయంత్రం. ఇవాళ పొద్దున్న కొత్త చక్రం బిగించి ఇంజను తిప్పాడు. గంటన్నర తిరిగిందో లేదో, ఈ ఘోరం.

ఇప్పుడాయన తలపాగా కొసతో చేతులు తుడుచుకుని మొదటిసారి నోరు విప్పాడు.

"ఏడో మాట ఆమెకి వచ్చునా?"

"రాకేం? అందరికంటే ముందు ఆవిడకే పదీ వచ్చాయి. బెల్లమంతా ఆవిడే పట్టుకుపోయేది."

"అయితే నేర్చుకుందన్నమాట."

"నోటికి నేర్చుకుంది. చేతికి నేర్చుకోలేదు."

ఉస్తాదు మొహం ఎర్రబడింది.  అప్పటికి మేనేజరు కాగితం పట్టుకుని వరండా మెట్లు దిగుతున్నాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. చెరకు యార్డులో ఎండిపోతుంటే నిద్రపట్టని మనిషి, అంతే. ఆయన కాగితాన్ని సూరిదేముడి ముందు పెట్టాడు.

"చదువుకున్నవాడివి, నీకు విప్పి చెప్పక్కర్లేదు. తవిటమ్మకి తగిన శిక్షణ ఇచ్చాం. ఆమె నిబంధన పాటించలేదు. ప్రమాదానికి ఆమే కారణం. కింద నీ సంతకం. రేపు పై నుంచి ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి ఉండాలి కదా."

"మరి తవిటమ్మ?"

"తప్పు ఆమెదని తేలాక మిల్లుకేం సంబంధం? ఊరికి పంపించేస్తాం." మేనేజరు గడియారం చూసుకున్నాడు. "మూడింటికి క్రషరు తిరగాలి. ఆమె చోట ఆమె చెల్లెలు నిలబడుతుంది. ఆ పిల్లకీ పది మాటలు వచ్చుగా. అన్నట్టు, వచ్చే సీజను నుంచి కొత్తవాళ్లందరికీ నేర్పే మేస్త్రీవి నువ్వే. యజమానిగారితో మాట్లాడాను."

చెల్లెలు పోలమ్మ క్రషరు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుంటాయి. అక్కను ట్రాక్టరు ఎక్కించినప్పటి నెత్తురు చీర మీద ఆరలేదు. తన మాట రాగానే రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

సూరిదేముడు జేబులోంచి పెన్ను తీశాడు. పన్నెండు రోజులు తను నేర్పింది నిజం. ఆమె లాగకపోయింది నిజం. కాగితంలో అబద్ధం అతనికి ఒక్క ముక్క కనబడలేదు.

"మూడింటిదాకా టైముంది. పెన్ను లోపల పెట్టు. రా" అన్నాడు ఉస్తాదు.

"ఉస్తాదూ, ఆలస్యమైతే..." అన్నాడు మేనేజరు.

"ఆలస్యమైతే నేనే వచ్చి చెప్తాను. మీరు కాఫీ తాగండి."

ఆయన గొంతు పెంచలేదు. అయినా మేనేజరు వెనక్కి తిరిగి వరండా ఎక్కాడు.

క్రషరు ముందు చెరకు రసం, నీళ్లు కలిసి నేలంతా బంకగా ఉంది. ఉస్తాదు సూరిదేముణ్ణి తీసుకెళ్లి తవిటమ్మ నిలబడ్డ చోట నిలబెట్టాడు. ఆరేళ్లుగా మిల్లులో ఉన్నా అతను ఆ చోట నిలబడ్డం అదే మొదలు. ఇంజను వైపు నుంచి చూస్తే క్రషరు ఒక పెట్టెలా కనిపించేది. ఇక్కణ్నుంచి చూస్తే నోరులా ఉంది.

"ఇంజను ఆపేశాను. భయపడకు" అంటూ ఉస్తాదు తలపాగా విప్పాడు. రెండు చెరకు గడలు తీసి సూరిదేముడి కుడిచేతిలో పెట్టి, చేతినీ గడలనీ కలిపి తలపాగాతో గట్టిగా కట్టాడు. గడల కొసల్ని రోలర్ల మధ్యకి దూర్చాడు. పక్కకి వెళ్లి పెద్ద చక్రాన్ని చేత్తో జానెడు తిప్పాడు. రోలర్లు గడల్ని కరకర కొరికి పట్టుకున్నాయి.

"ఇప్పుడు చదువు."

"ఏటి?"

"నీ బోర్డు. నాకు చదువు రాదు. నువ్వు చదివితే నేను వింటాను."

బోర్డు ఎదురుగా గోడకే ఉంది. నీలం మీద తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి. సూరిదేముడు గొంతు సవరించుకున్నాడు. ఇంత జరిగాక కూడా తన అక్షరాలు చూస్తే అతని గొంతుకి ఒక నిండుతనం వచ్చింది.

"ఒకటి. మరకు మేత కుడిచేతితోనే పెట్టవలెను."

"పెట్టావు. ఎందుకు కుడిచెయ్యి?"

"లక్ష్మి కదా ఉస్తాదూ. మరకి పసుపు రాస్తాం, బొట్టు పెడతాం. ఎడంచేత్తో మేత పెడతామా?"

"సరే. ఏడోది చదువు."

"ఏడు. ప్రమాదము కలిగినచో..."

"గట్టిగా. మర తిరుగుతుంటే వినపడొద్దూ?"

"ప్రమాదము కలిగినచో తక్షణమే కుడిచేతితో ఆపు కర్రను..."

గొంతు అక్కడ ఆగింది.

"పూర్తిగా చదవరా."

"...ఆపు కర్రను లాగవలెను."

"లాగు."

ఆపు కర్ర అతని కుడిపక్కన ఉంది. దాన్ని లాగితే బెల్టు ఖాళీగా తిరిగే ఉత్తచక్రం మీదికి జారి రోలర్లు ఆగుతాయి. కుడిచెయ్యి ఖాళీగా ఉన్న మనిషికి అది మోచేతి దూరం. సూరిదేముడి కుడిచెయ్యి ఖాళీగా లేదు. ఎడంచెయ్యి ఛాతీ మీదుగా చాపాడు. కర్ర జానెడు దూరంలో ఆగిపోయింది. నడుము తిప్పుదామని చూశాడు. కట్టుబడిన చెయ్యి తిప్పనివ్వలేదు. కాళ్ల కింద నేల జర్రున జారింది.

ఉస్తాదు చక్రం ఇంకో నాలుగు అంగుళాలు తిప్పాడు. చెరకు లోపలికి పోయింది. దాని వెనకే తలపాగా, తలపాగా వెనకే చెయ్యి కదిలాయి.

"ఉస్తాదూ!"

"ఏడో మాట నీకు వచ్చు కదా. నువ్వే రాశావు కదా. లాగు!"

"అందట్లేదు!"

"లాగరా!"

ఆ కేకకి వరండాలో కాఫీ తాగుతున్న మేనేజరు లేచి నిలబడ్డాడు. సూరిదేముడు ఎడంచేతిని ఆపు కర్ర వైపు విసిరాడు, వెనక్కి తీశాడు, మళ్లీ విసిరాడు. మూడోసారి అది గాల్లోనే ఆగిపోయింది.

పొద్దున తవిటమ్మ ఎడంచెయ్యి కూడా అలాగే గాల్లో ఆగింది. అతను చూశాడు. బొమ్మలా నిలబడిపోయిందనుకున్నాడు.

గోడ దగ్గర్నుంచి పోలమ్మ అంది. "మా అక్క పుర్రచేతిది బాబూ."

ఆమె చంకలోంచి ఒక చెయ్యి తీసి ఆపు కర్ర వైపు చూపించింది.

"మొదటిరోజు అది ఎడంచేత్తోనే మేత పెట్టింది. కుడిచెయ్యి ఆ కర్ర మీద ఏసుకుని నిలబడింది. నువ్వే కొట్టావు."

కొట్టాడు. వెదురు బెత్తంతో వేళ్ల కణుపుల మీద. "పుర్రచెయ్యా? లక్ష్మికి ఎడంచేత్తో అన్నం పెడతావుటే? మీ ఇంట్లో అలాగే పెడతారా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తవిటమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఆమె ఎడంచెయ్యి ఎత్తబోయినప్పుడల్లా బెత్తం చూపించేవాడు. నాలుగో రోజుకి ఎత్తడం మానేసింది. ఆ రోజు ఆమెకి రెండు బెల్లం ముద్దలు ఇచ్చాడు.

ఉస్తాదు ముందుకొచ్చి చక్రం వెనక్కి తిప్పాడు. తలపాగా ముడి విప్పుతూ, తగ్గిన గొంతుతో అడిగాడు.

"రాత్రి పాళీలో పాతోళ్లు ఏ చేత్తో పెడతారు?"

సూరిదేముడు గుర్తు చేసుకున్నాడు. ఆరేళ్లుగా కళ్లముందున్నదే. "ఎడంచేత్తో."

"కుడిచెయ్యి?"

"కర్ర మీద."

"ఎందుకని ఎప్పుడైనా అడిగావా?"

"అనాచారం, చదువులేనోళ్లు కదా అనుకున్నాను. వాళ్లకీ చెప్పి మాన్పిద్దామని..." ఆ మాట పూర్తిచేయలేకపోయాడు. వచ్చే వారం నుంచి రాత్రి పాళీకి కూడా పది మాటలు మొదలుపెట్టాలని మేనేజరుతో అనుకున్నది అతనే.

ముడి ఊడింది. కుడిచెయ్యి బయటికొచ్చింది. అయిదు వేళ్లూ ఉన్నాయి. వాటిని చూసుకుంటూ నిలబడ్డాడు.

"నేను నేర్పాను, ఆవిడ నేర్చుకోలేదు అన్నావు" అన్నాడు ఉస్తాదు. "నేర్చుకుందిరా. నువ్వు నేర్పిందంతా నేర్చుకుంది."

 అంత కోపం సూరిదేముడు ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు. "నిన్న సాయంత్రం వచ్చాను. బోర్డు చూశాను. ఏం రాశావురా అని అడగాల్సింది. చదువు రాదని నా శిష్యుడి ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. అది నా మెడకే. దాని సంగతి నేను చూసుకుంటాను."

ఆయన గోడ దగ్గరికి వెళ్లి బోర్డు మేకులు పీకాడు. బోర్డును తీసుకొచ్చి, రంగు వేసిన వైపు కిందికి వచ్చేలా, క్రషరు ముందు బంక నేల మీద పడేశాడు. కాలితో తన్ని సరిచేశాడు. ఎక్కి నిలబడి చూశాడు. జారడం లేదు.

"దేనికైనా పనికొస్తుంది" అని దిగాడు. "ఎక్కు. మూడింటికి ఇంకా చాలా టైముంది. ఆ పిల్లకి నేర్పు."

సూరిదేముడు ఎక్కలేదు. పోలమ్మ వైపు తిరిగాడు. "రా, నువ్వు ఎక్కు. నేను పక్కన నిలబడతాను."

పోలమ్మ కదల్లేదు. "ఏ చెయ్యి పెట్టమంటావు?"

"నువ్వు చెప్పు. ఏ చెయ్యి పోతే ఏ చెయ్యి మిగలాలో నువ్వే చూసి చెప్పు."

ఆమె ఎక్కింది. మరను చూసింది, కర్రను చూసింది, ఎడంచేత్తో చెరకు తీసుకుంది. కుడిచెయ్యి కర్ర మీద వేసింది. అతను తలపాగా తీసుకుని ఆమె ఎడంచేతిని చెరకుతో కలిపి కట్టాడు, వదులుగా. మొహం ముందు బోర్డు లేదు, చేతిలో బెత్తం లేదు. 

"మీ ఊళ్లో సంత ఏ రోజు?"

"మంగళవారం. గుమ్మడికాయలు బాగా..."

"ఆపు!"

ఉలిక్కిపడింది. కర్ర లాగేసరికి రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టింది.

"చెయ్యి పోయింది" అన్నాడు సూరిదేముడు. "మళ్లీ."

మళ్లీ చెరకు, మళ్లీ కట్టు. అక్క సంగతి అడిగాడు, బండి చార్జీ అడిగాడు, ఒకసారి ఏమీ అడక్కుండా వెనక నుంచి ఖాళీ డబ్బా నేలకేసి కొట్టాడు. కళ్లు మూసుకోమని ఒకసారి కేకేశాడు. ఇరవై ఏడోసారికి కేక నోట్లో ఉండగానే కర్ర కదిలింది. అప్పుడు కట్టు విప్పి, తన చెయ్యి చాపాడు.

"ఇప్పుడు నన్ను కట్టు. నాకు నేర్పు. నేను తప్పు చేస్తే తిట్టు."

"ఏమని తిట్టమంటావు బాబూ?"

"నీకు నోటికొచ్చింది."

ఆమె తిట్టింది. ఆ తిట్లలో అక్క పేరు వచ్చినప్పుడల్లా ముడి ఇంకాస్త బిగించింది.  మిగిలిన తొమ్మిదిమందీ ఒక్కొక్కళ్లే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకడు తన చెయ్యి ముందుకి చాపాడు.

మూడింటికి మేనేజరు వచ్చాడు. క్రషరు ముందు జనం, చేతులకి గుడ్డలు, నేలమీద బోర్డు.

"ఏవిటీ నాటకం? చెరకు ఎండిపోతోంది! తిప్పండి!"

"ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు" అన్నాడు సూరిదేముడు.

"ఎన్ని గంటలు?"

"వాళ్ల చేతులకి వచ్చేదాకా."

"ఉస్తాదూ, మీ శిష్యుడికి కాస్త చెప్పండి!"

ఉస్తాదు ఇంజను మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బెల్టు. దాన్ని ఎప్పుడు ఊడదీసి పెట్టుకున్నాడో ఎవరూ చూడలేదు. "ఎవరు ఎవరి శిష్యుడో ఇప్పుడు చెప్పడం కష్టం బాబూ" అన్నాడు.

మేనేజరు కాగితం సూరిదేముడి ఛాతీ మీద కొట్టినట్టు పెట్టాడు. "సంతకం పెట్టు. పెట్టి చావు."

సూరిదేముడు కాగితం తీసుకున్నాడు. పెన్ను తీశాడు. కాగితాన్ని తిరగేసి, క్రషరు పక్కన గోడకి ఆనించి, ఒక్కొక్క అక్షరమే దిద్దుతున్నట్టు రాశాడు. గోడ గరుకు. అక్షరాలు ముత్యాల్లా రాలేదు.

"తవిటమ్మ నేను నేర్పినట్లే చేసింది. నేను నేర్పినది తప్పు. - సూరిదేముడు."

రాసింది పైకి చదివాడు. ఈసారి ఉస్తాదు గట్టిగా చదవమని అనలేదు.

క్రషరు మర్నాడు మధ్యాహ్నం తిరిగింది. తవిటమ్మను ఊరికి పంపించలేకపోయారు. సూరిదేముడు తన దగ్గరే ఉంచుకున్న ఆ కాగితం అడ్డం వచ్చింది. ఆ సీజను అయ్యేసరికి మిగిలిన పదిమంది చేతులూ వాళ్లవి వాళ్లకి ఉన్నాయి. మార్చి ఒకటో తారీఖున సూరిదేముణ్ణి పనిలోంచి తీసేశారు. తవిటమ్మ కుడిచేతిని మణికట్టుకి నాలుగు అంగుళాల పైన కోసి తీసేశారు.